నోరు తెరిచిన మొసలి దాడికే వస్తోందా..? ప్రాణభయంతో అది ఇచ్చే వార్నింగ్‌లు ఇవే.. తెలిస్తే ఇద్దరూ సేఫ్!

వరి పొలం గట్టు మీద ఓ మొసలి. చుట్టూ యాభై మంది జనం. సగం మంది చేతుల్లో సెల్‌ఫోన్లు. ఒకాయన కర్ర తీసుకుని తోక మీద పొడుస్తాడు. మొసలి ఒక్కసారిగా తల ఎత్తి, నోరు బార్లా తెరిచి బుస కొడుతుంది. జనం కేకలు వేస్తూ వెనక్కి పరుగు తీస్తారు. అంతే.. సాయంత్రానికల్లా ఆ వీడియో వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టేస్తుంది. పైన క్యాప్షన్ మాత్రం ఒకటే.. 'జనంపై దాడికి దిగిన మొసలి'.

వానాకాలం వచ్చిందంటే ఇలాంటి వీడియోలు ఫోన్లలో వరుస కడతాయి. కానీ అలాంటి వీడియోను ఇంకోసారి నెమ్మదిగా చూడండి. ముందు కదిలింది ఎవరు? దగ్గరికి వెళ్లింది ఎవరు? చాలా వీడియోల్లో మొసలి చేస్తున్నది దాడి కాదు.. ఆత్మరక్షణ. 'ఇంకో అడుగు ముందుకేయొద్దు' అని తనకు తెలిసిన భాషలో చెబుతోంది. ఆ భాష మనకు అర్థం కాకపోతే మనిషికీ ప్రమాదమే, మొసలికీ ప్రమాదమే.

అసలు మొసలి తన ప్రాణం ఎలా కాపాడుకుంటుంది? ఏ దశలో ఏం చేస్తుంది? వీడియోలో కనిపించే ఒక్కో కదలికకు అర్థం ఏంటి? వివరంగా చూద్దాం..

మన దగ్గర ఉన్నవి ఏ మొసళ్లు?

మొసళ్లు, ఎలిగేటర్లు, కేమన్లు, ఘరియాల్స్.. ఇవన్నీ ఒకే పెద్ద కుటుంబం. ప్రపంచవ్యాప్తంగా ఇందులో పాతికకు పైగా జాతులున్నాయి. మన దేశంలో ఉన్నవి మూడు. ఒకటి నదులు, చెరువుల్లో ఉండే మగ్గర్ మొసలి. రెండోది ఒడిశాలోని భితర్‌కనిక, బెంగాల్‌లోని సుందర్‌బన్స్, అండమాన్ దీవుల్లో ఉండే ఉప్పునీటి మొసలి. మూడోది చంబల్ లాంటి ఉత్తరాది నదుల్లో ఉండే, సన్నటి పొడవైన మూతి ఉన్న ఘరియాల్.

తెలుగు రాష్ట్రాల్లో మామూలుగా కనిపించేది మగ్గరే. సంగారెడ్డి జిల్లాలోని మంజీరా అభయారణ్యం, కొత్తగూడెం జిల్లాలోని కిన్నెరసాని, గోదావరి ఒడ్డున శివారం అభయారణ్యం, కృష్ణా నది పొడవునా అక్కడక్కడా ఇవి ఉన్నాయి. పల్నాడు జిల్లాలో ఎత్తిపోతల జలపాతం చూసినవాళ్లకు కింద మడుగులో మొసళ్లుంటాయన్న సంగతి తెలిసే ఉంటుంది. పెద్ద మగ్గర్ 3 నుంచి 4 మీటర్ల వరకు పెరుగుతుంది. అంతకన్నా పెద్దవి అరుదు.

అంత పెద్ద జంతువుకు శత్రువులెవరు?

ఇదే అందరికీ వచ్చే డౌట్. నీళ్లలో ఏనుగును పట్టి లాగిన మొసలి కథ గజేంద్ర మోక్షంలో విన్నవాళ్లం. అలాంటి జంతువుకు భయం ఎందుకుంటుంది?

కారణం సింపుల్. అది పుట్టినప్పుడు మన చేతిలో పట్టేంత ఉంటుంది. గుడ్డులోంచి బయటకొచ్చిన మగ్గర్ పిల్ల పొడవు దాదాపు 25 నుంచి 30 సెంటీమీటర్లు. అంటే స్కూల్ పిల్లల స్కేలు అంత. గుడ్ల దశలోనే ఉడుములు, నక్కలు, ముంగిసలు, అడవి పందులు వాటిని తవ్వుకుని తినేస్తాయి. పిల్లలుగా ఉన్నప్పుడు కొంగలు, గద్దలు, పెద్ద చేపలు, తాబేళ్లు పట్టుకుపోతాయి. చివరికి సొంత జాతిలోని పెద్ద మొసళ్లు కూడా చిన్నవాటిని మింగేస్తాయి. ఒక గూట్లో 25, 30 గుడ్లున్నా పెద్దయ్యే వరకు బతికేవి చాలా కొద్ది.

అంటే ఇప్పుడు మనం చూస్తున్న ప్రతి పెద్ద మొసలీ ఏళ్ల తరబడి దాక్కుని, తప్పించుకుని, పోరాడి బతికి బయటపడిందే. పెద్దయ్యాక దానికి మిగిలే ముఖ్యమైన ప్రమాదం ఒక్కటే.. మనిషి.

మొదటి దశ: కనిపించకుండా ఉండటం

మొసలి మొదటి ఆయుధం పళ్లు కాదు. ఎదుటివాళ్లకు కనిపించకుండా ఉండటం.

దాని కళ్లు, ముక్కు రంధ్రాలు, చెవులు మూడూ తల పైభాగంలోనే ఉంటాయి. ఒళ్లంతా నీళ్లలో ముంచేసి, ఆ మూడింటినీ మాత్రం పైకి ఉంచితే చాలు.. చూస్తుంది, వింటుంది, ఊపిరి పీలుస్తుంది. ఒడ్డు మీద ఉన్నవాళ్లకు మాత్రం తేలుతున్న కట్టె ముక్కలా అనిపిస్తుంది. బురద రంగు చర్మం దీనికి తోడు.

అలికిడి ఎక్కువైతే చప్పుడు కాకుండా పూర్తిగా మునిగిపోతుంది. మునిగేటప్పుడు ముక్కు, చెవుల రంధ్రాలు మూసుకుంటాయి. గొంతు దగ్గర ఉండే కండ మూత నీళ్లు లోపలికి పోకుండా అడ్డుకుంటుంది. కంటి మీదకు పారదర్శకమైన మూడో రెప్ప వచ్చి కప్పుతుంది. లోపల గుండె వేగం బాగా తగ్గిపోతుంది. రక్తం ఊపిరితిత్తుల వైపు ఎక్కువగా వెళ్లకుండా పక్కదారి పట్టే ఏర్పాటు దాని గుండెలోనే ఉంది. ఇలా ఉన్న ఆక్సిజన్‌నే పొదుపుగా వాడుకుంటుంది. మామూలుగా పది, పదిహేను నిమిషాల్లో పైకొచ్చే మొసలి, భయపడితే ఇంకా చాలాసేపు అడుగునే ఉండిపోగలదు. 'ఇందాక కనిపించింది, ఇప్పుడు లేదు.. వెళ్లిపోయినట్టుంది' అని నీళ్లలో దిగడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టే అర్థం చేసుకోవచ్చు.

ఇక దాన్ని దొంగచాటుగా సమీపించడం కూడా అంత ఈజీ కాదు. దవడల మీద, ఒంటి పొలుసుల మీద సూది మొనంత చుక్కలు కనిపిస్తాయి. అవి మచ్చలు కావు, సెన్సార్లు. నీళ్లలో చిన్న అల లేచినా ఆ చుక్కలు పసిగడతాయి. ఎలిగేటర్ల దవడల మీద ఉండే ఈ సెన్సార్లు చీకట్లో ఒక్క నీటి చుక్క పడినా ఎటు పడిందో గుర్తిస్తాయని 2002లో 'నేచర్' పత్రికలో వచ్చిన పరిశోధన చెప్పింది.

నిద్రలోనూ కాపలా ఆగదు. ఉప్పునీటి మొసళ్ల పిల్లలు ఒక కన్ను మూసి, ఒక కన్ను తెరిచి ఉంటాయని ఆస్ట్రేలియాలోని లా ట్రోబ్ యూనివర్సిటీ పరిశోధకులు 2015లో తేల్చారు. గదిలోకి మనిషి వస్తే.. తెరిచిన ఆ కన్ను మనిషి వైపే ఉండేదట!

రెండో దశ: పారిపోవడం

దాక్కోవడం కుదరకపోతే మొసలి చేసే పని నీళ్లలోకి జారుకోవడం. ఒడ్డున ఎండ కాచుకుంటున్న మొసలి మన అలికిడి వినగానే సర్రున నదిలోకి దూకడం చాలామంది చూసే ఉంటారు. అది మన మీదకు రావడం కాదు.. ఇంటికి పరుగెత్తడం. ఇక్కడే ఓ పాయింట్ గుర్తుపెట్టుకోవాలి. దానికీ నీళ్లకూ మధ్యలో మనం నిలబడితే, అది పారిపోయే దారిని మనమే మూసేసినట్టు. అప్పుడు దాని ముందున్న దారి మన మీదుగానే పోతుంది.

గట్టు మీద మొసలి పొట్టను నేలకు ఈడ్చుకుంటూ పోతుందని చాలామంది అనుకుంటారు. అవసరమైతే నాలుగు కాళ్ల మీద ఒంటిని పైకెత్తి చకచకా నడుస్తుంది. ఆస్ట్రేలియా మంచినీటి మొసలి లాంటి కొన్ని జాతులు కుందేలులా ఎగురుతూ గంటకు 17 కిలోమీటర్ల వేగం దాకా అందుకుంటాయి. కానీ అదంతా కొన్ని పదుల అడుగుల వరకే. ఎక్కువ దూరం పరుగెత్తే శక్తి దానికి లేదు. నీళ్లలో ఉన్న స్థానబలం గట్టు మీద ఉండదని దానికి మనకన్నా బాగా తెలుసు.

మూడో దశ: వార్నింగ్.. వీడియోలో మనం చూసేది ఇదే

పారిపోయే దారి లేదు. శత్రువు దగ్గరికొస్తున్నాడు. అప్పుడు మొసలి బెదిరింపు మొదలుపెడుతుంది. దీనికి ఒక వరుస ఉంటుంది.

ముందు గాలి బాగా పీల్చి ఒళ్లు ఉబ్బిస్తుంది. ఉన్నదానికన్నా పెద్దగా కనిపించాలన్నదే ప్లాన్. తర్వాత ఆ గాలిని బలంగా వదులుతూ బుస కొడుతుంది. కుక్కర్ ఆవిరి వదిలినట్టు ఉంటుంది ఆ శబ్దం. కొన్నిసార్లు లోపలి నుంచి గుర్రుమంటుంది కూడా. ఆ తర్వాత తల పైకెత్తి, శత్రువు వైపు తిరిగి నోరు పూర్తిగా తెరుస్తుంది. పళ్లన్నీ చూపిస్తుంది. తోకను ఒక పక్కకు విల్లులా వంచుతుంది. అప్పటికీ వినకపోతే దవడలను టప్‌మని గాల్లోనే మూస్తుంది.

ఇవన్నీ అది కరవకుండా ఉండేందుకు చేసే ప్రయత్నాలే. ఎందుకంటే పోరాటం దానికి కూడా రిస్కే. దెబ్బ తగలొచ్చు, కన్ను పోవచ్చు, ఒంట్లో శక్తి అయిపోవచ్చు. బెదిరింపుతో పని జరిగిపోతే దానికీ హాయి.

నోరు తెరిచిన ప్రతిసారీ కోపమేనా?

కాదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. మొసలి చల్లని రక్తపు జంతువు. మనలా దానికి చెమట పట్టదు. ఎండలో తల వేడెక్కితే నోరు తెరిచి చల్లబరుచుకుంటుంది. జూలో గంటల తరబడి నోరు తెరుచుకుని బొమ్మలా పడుకున్న మొసలి చేస్తున్నది అదే.

మరి తేడా ఎలా తెలుస్తుంది?

● ఎండ కోసం నోరు తెరిస్తే.. ఒళ్లు నేలకు ఆనించి, వదులుగా ఉంటుంది. శబ్దం ఉండదు. మనిషి వైపు తిరగదు.

● బెదిరింపు కోసం తెరిస్తే.. తల పైకి లేస్తుంది. నోరు సరిగ్గా మన వైపే ఉంటుంది. ఒళ్లు ఉబ్బి ఉంటుంది. బుస వినిపిస్తుంది. మనం పక్కకు జరిగితే తల కూడా మనతో పాటే తిరుగుతుంది.

రెండో రకం కనిపించిందంటే మనం ఉండాల్సిన దూరం కన్నా చాలా దగ్గరికి వెళ్లిపోయామని అర్థం. జూమ్ చేయడం ఆపి వెనక్కి నడవాల్సిన టైమ్ అది.

నాలుగో దశ: తోక, దవడ

వార్నింగ్‌లన్నీ అయిపోయాయి. ఎవరో తోక పట్టుకున్నారు, లేదా తాడు వేశారు. ఇక మొసలి కొడుతుంది.

అందరి చూపూ నోటి మీదే ఉంటుంది కానీ, దాని ఒంటి పొడవులో దాదాపు సగం తోకే. ఈదడానికి వాడే ఆ కండ గట్టు మీద కర్రదెబ్బలా పనిచేస్తుంది. నిలబడిన మనిషి కాళ్లను ఒక్క విసురుతో లేపేయగలదు. పైగా తోక వెళ్లిన వైపే తల కూడా అంతే వేగంగా తిరుగుతుంది. అందుకే 'పక్క నుంచి వెళ్తే ఏం కాదు' అనుకోవడం పెద్ద పొరపాటు.

ఇక దవడ సంగతి. అమెరికా పరిశోధకుడు గ్రెగొరీ ఎరిక్సన్ బృందం మొసలి కుటుంబంలోని జాతులన్నింటి కాటు బలాన్ని కొలిచి 2012లో ఫలితాలు ప్రకటించింది. ఒక ఉప్పునీటి మొసలి కాటు 3,700 పౌండ్లుగా తేలింది. అంటే దాదాపు 1,680 కిలోల బరువు మీద పడ్డట్టు. బతికున్న జంతువుల్లో అప్పటిదాకా కొలిచిన కాట్లలో అదే అత్యధికం. మనం గట్టిగా పట్టుకుంటే 'ఉడుము పట్టు' అంటాం కానీ.. దవడ బలంలో మొసలి ముందు ఉడుము లెక్కలోకే రాదు.

ఇంత బలం మూయడంలోనే. తెరిచే కండరాలు మాత్రం చాలా బలహీనం. అందుకే రెస్క్యూ టీమ్‌లు మూతి చుట్టూ టేప్ లేదా తాడు చుట్టగానే మొసలి నోరు తెరవలేకపోతుంది. వీడియోలో ఇది చూసి 'ఓస్ ఇంతేనా' అని ట్రై చేయకూడదు. ఆ టేప్ చుట్టేదాకా చేయి ఎక్కడ పెట్టాలో, తోక దగ్గర ఎంతమంది ఉండాలో తెలిసినవాళ్ల పని అది.

పట్టుబడినప్పుడు మొసలి చేసే ఇంకో పని.. గిరగిరా దొర్లడం. వేటలో మాంసాన్ని చీల్చడానికి చేసే ఈ పనినే తాడు నుంచి, చేతుల నుంచి విడిపించుకోవడానికీ చేస్తుంది. తాడు పట్టుకున్నవాళ్ల వేళ్లు, చేతులు మెలిపడి గాయపడేది ఇక్కడే.

వీపు మీద ఎముకల కవచం

ఒకవేళ శత్రువే ముందు దెబ్బ కొడితే? అందుకు దాని ఒంటి మీదే కవచం ఉంది. మొసలి వీపు మీద వరుసగా కనిపించే గరుకు బొడిపెల కింద ఎముక పలకలు ఉంటాయి. వీటిని ఆస్టియోడెర్మ్స్ అంటారు. ఇంకో మొసలి పళ్లు దిగకుండా ఇవి చాలావరకు కాపాడతాయి. పొట్ట వైపు మాత్రం చర్మం మెత్తన. మగ్గర్ భయపడినప్పుడు నేలకు అతుక్కుపోయినట్టు పడుకుంటే ఆ మెత్తటి భాగం కూడా కవర్ అయిపోతుంది.

ఆ పలకల్లో రక్తనాళాలు కూడా ఉంటాయి. ఎండలో వేడిని పట్టి ఒంటికి పంచేది ఇవే. అంటే కవచం, సోలార్ ప్యానెల్ రెండూ ఒకటే అన్నమాట!

మరో ఆశ్చర్యం ఏంటంటే.. మొసళ్లు ఒకదానితో ఒకటి కొట్లాడుకుని కాళ్లు, తోక ముక్కలు పోగొట్టుకున్నా మురికి నీళ్లలోనే తిరుగుతూ బతికేస్తుంటాయి. వాటి రక్తంలో బ్యాక్టీరియాను చంపే ప్రొటీన్లు ఉన్నట్టు శాస్త్రవేత్తలు గుర్తించారు. ఊడిన పంటి స్థానంలో కొత్తది వస్తూనే ఉంటుంది. ఎలిగేటర్ పిల్లలకైతే తెగిన తోక కూడా కొంతమేర పెరుగుతుందని 2020లో అమెరికా పరిశోధకులు వెల్లడించారు.

అన్నింటికన్నా డేంజర్.. గూడు దగ్గర ఉన్న తల్లి

తనను తాను కాపాడుకునే మొసలి వెనక్కి తగ్గే ఛాన్స్ ఉంది. పిల్లల్ని కాపాడుకునే తల్లి మాత్రం తగ్గదు.

మగ్గర్ ఆడ మొసలి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్యలో ఒడ్డున ఇసుకలో, మట్టిలో గుంత తవ్వి గుడ్లు పెడుతుంది. దాదాపు రెండు నెలలకు అవి పొదుగుతాయి. ఆ రెండు నెలలూ తల్లి అక్కడికి దగ్గర్లోనే ఉంటుంది. ఉడుము వచ్చినా, కుక్క వచ్చినా, మేకల కాపరి వచ్చినా దానికి ఒకటే.. గుడ్ల దొంగ.

పొదిగే టైమ్‌లో పిల్లలు గుడ్ల లోపలి నుంచే అరుస్తాయి. ఆ అరుపు విని మిగతా పిల్లలు రెడీ అవుతాయి, తల్లి వచ్చి మట్టి తవ్వుతుంది. ఇనుప కమ్మీని వంచేంత బలం ఉన్నట్టు కనిపించే అదే దవడతో పిల్లల్ని సుతారంగా పట్టుకుని నీళ్లలో వదులుతుంది. ఇది చూసే ఒకప్పుడు 'మొసలి తన పిల్లల్నే తింటుంది' అనుకునేవారు.

ఆ తర్వాత కూడా పిల్ల భయపడి అరిస్తే చుట్టుపక్కల ఉన్న పెద్ద మొసళ్లు పరుగున వస్తాయి. బుజ్జిగా ఉంది కదా అని మొసలి పిల్లను చేతిలోకి తీసుకుని సెల్ఫీ దిగడం ఎంత ప్రమాదమో ఇక వేరే చెప్పాలా? ఆ అరుపు విన్న తల్లి ఎక్కడో కాదు.. మన కాళ్ల దగ్గరి నీళ్లలోనే ఉండొచ్చు.

ఘరియాల్స్‌లో అయితే తండ్రి కూడా డ్యూటీ చేస్తుంది. చంబల్ నదిలో ఓ మగ ఘరియాల్ వీపు నిండా పిల్లల్ని ఎక్కించుకుని ఉన్న ఫొటో 2020లో ప్రపంచమంతా వైరల్ అయింది. కాటు వేయడానికి అంతగా పనికిరాని సన్నటి మూతితోనే అది అన్ని పిల్లలకు కాపలా కాస్తుంది.

మొసలికి ఉన్న అసలు బలహీనత ఇదే

ఇంత బలం ఉన్న జంతువు జనం చేతిలో ఎందుకు చనిపోతుంది? రాళ్లు, కర్రలు తగలకపోయినా తాళ్లతో కట్టి లాగిన తర్వాత ఎందుకు ప్రాణం పోతుంది? ఈ ప్రశ్నకు సమాధానం దాని కండరాల్లో ఉంది.

మొసలి పోరాటం మొత్తం కొన్ని నిమిషాల ఆట. ఆ కొద్దిసేపట్లో కండరాలు ఆక్సిజన్ కోసం ఆగకుండా ఉన్న శక్తినంతా ఒకేసారి ఖర్చు పెట్టేస్తాయి. ఫలితంగా ఒంట్లో లాక్టిక్ యాసిడ్ పేరుకుంటుంది. జిమ్‌లో మొదటి రోజు మనకు కండరాలు మండినట్టు ఉంటుందే.. దానికి ఎన్నో రెట్లు. రక్తం ఆమ్లంగా మారిపోతుంది. దాన్నుంచి తేరుకోవడానికి మొసలికి గంటలు పడుతుంది. పెద్ద మొసలి అయితే ఇంకా కష్టం. ఎక్కువసేపు పెనుగులాడిన పెద్ద మొసళ్లు ఆ తర్వాత చనిపోయే ప్రమాదం ఉంటుంది.

అంటే.. తాడు వేసి, ట్రాక్టర్ వెనక లాగి, ఊరి మధ్యలో కట్టేసి, పిల్లలతో ఫొటోలు దిగుతున్నప్పుడు అది 'సైలెంట్‌గా ఉంది, లొంగిపోయింది' అనుకుంటాం. అది లొంగిపోవడం కాదు. కదలడానికి దానిలో శక్తి మిగల్లేదు. బయటికి ఒక్క గాయం కనిపించకుండానే లోపల ప్రాణం పోతుండొచ్చు. దాని ఆత్మరక్షణే దానికి మరణశాసనం అయ్యేది ఇక్కడే.

ట్రెయినింగ్ ఉన్న రెస్క్యూ టీమ్‌లు ముందు దాని కళ్ల మీద తడి గుడ్డ లేదా గోనె సంచి వేయడం ఇందుకే. కళ్లకు ఏమీ కనిపించకపోతే మొసలి చాలావరకు శాంతిస్తుంది. పెనుగులాట ఎంత తగ్గితే దాని ప్రాణానికి అంత మంచిది. పట్టుకునేవాళ్లకూ అంతే మంచిది.

అసలు పొలాల్లోకి ఎందుకు వస్తోంది?

మనుషుల్ని వెతుక్కుంటూ మాత్రం కాదు. దీనికి ముఖ్యంగా రెండు కారణాలు.

ఒకటి ఎండాకాలం. చెరువులు, మడుగులు ఎండిపోతే మగ్గర్ ఒడ్డున బొరియ తవ్వుకుని అందులో చల్లగా దాక్కుంటుంది. అదీ కుదరకపోతే రాత్రి పూట నేల మీద నడుస్తూ వేరే నీళ్లు వెతుక్కుంటుంది. తెల్లారేసరికి మధ్యలో చిక్కుకుపోతే.. అదే మన పొలం.

రెండోది వరద. నది పొంగినప్పుడు నీళ్లతో పాటు కాలువల్లోకి, పంట చేలల్లోకి కొట్టుకొస్తుంది. వరద తీశాక అక్కడే ఆగిపోతుంది. కృష్ణా తీరంలోని ఊళ్లకు ఇది అలవాటైన సంగతే. 2024 ఆగస్టులో గుజరాత్‌లోని వడోదరలో విశ్వామిత్రి నది పొంగినప్పుడైతే మొసళ్లు ఏకంగా కాలనీల్లోకి, ఇళ్ల ముందుకు వచ్చేశాయి. అటవీ శాఖ సిబ్బంది, వాలంటీర్లు వాటిని ఒక్కొక్కటిగా పట్టి తరలించాల్సి వచ్చింది. దారి తప్పి, నీళ్లకు దూరమై, చుట్టూ జనంతో ఉన్న మొసలి నేరుగా మూడో దశలోనే ఉంటుందన్నది మర్చిపోవద్దు. దాక్కోవడానికి, పారిపోవడానికి దానికి చోటే లేదు మరి.

కనిపిస్తే ఏం చేయాలి? ఏం చేయకూడదు?

● ముందుగా దూరం జరగండి. దానికీ నీళ్లకూ మధ్యలో ఎవరూ ఉండకుండా చూడండి. దారి వదిలితే చాలాసార్లు అదే వెళ్లిపోతుంది.

● అటవీ శాఖకు, నంబర్ తెలియకపోతే స్థానిక పోలీసులకు సమాచారం ఇవ్వండి. వాళ్లు వచ్చేదాకా దూరం నుంచి అది ఎటు వెళ్తోందో గమనిస్తే చాలు.

● కుక్కల్ని, పశువుల్ని, పిల్లల్ని అటు వెళ్లనివ్వొద్దు.

● రాళ్లు, కర్రలు, తాళ్లు వద్దు. వీడియో తీయాలనుకుంటే దూరం నుంచి తీయండి. దగ్గరికి వెళ్తే వచ్చేది మంచి షాట్ కాదు.. తోక దెబ్బ.

● మొసళ్లున్న నదిలో రోజూ ఒకే రేవులో, ఒకే టైమ్‌కు బట్టలు ఉతకడం, స్నానం చేయడం మానుకోవాలి. చేపల వ్యర్థాలు అక్కడే పారేయొద్దు. చీకటి పడ్డాక నీళ్లలో దిగొద్దు.

● ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఇసుక తిన్నెల మీద, ఒడ్డు గుంతల దగ్గర మరింత జాగ్రత్తగా ఉండాలి. అది గూళ్ల సీజన్.

● కాటు పడితే చిన్న గాయమే కదా అని వదిలేయొద్దు. మొసలి నోట్లో రకరకాల బ్యాక్టీరియా ఉంటుంది. వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

'మొసలి వెంటపడితే వంకర టింకరగా పరుగెత్తాలి' అనే సలహా సోషల్ మీడియాలో బాగా తిరుగుతుంటుంది. అది నమ్మొద్దు. గట్టు మీద మొసలి ఎక్కువ దూరం వెంటపడదు. నీళ్లకు దూరంగా, తిన్నగా, ఎంత వేగంగా వెళ్లగలిగితే అంత వేగంగా వెళ్లడమే కరెక్ట్.

చట్టం ఏం చెబుతోంది?

ఒకప్పుడు తోలు కోసం వేటాడి మొసళ్లను మన నదుల్లో దాదాపు లేకుండా చేశారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1975లో కేంద్రం మొదలుపెట్టిన మొసళ్ల సంరక్షణ ప్రాజెక్టు వచ్చాకే పరిస్థితి మారింది. గుడ్లు సేకరించి, పిల్లల్ని పెంచి, మళ్లీ నదుల్లో వదిలారు.

మన దేశంలోని మూడు జాతుల మొసళ్లూ ఈ చట్టంలోని షెడ్యూల్-1లో ఉన్నాయి. అంటే పులికి ఉన్నంత రక్షణే మొసలికీ ఉంది. 2022లో చేసిన సవరణ ప్రకారం షెడ్యూల్-1 జంతువును వేటాడితే కనీసం 3 ఏళ్ల నుంచి 7 ఏళ్ల వరకు జైలు, 25 వేల రూపాయలకు తగ్గకుండా జరిమానా. వేట అంటే తుపాకీతో కాల్చడం ఒక్కటే కాదు.. పట్టుకోవడం, ఉచ్చు వేయడం, తరమడం, గాయపరచడం కూడా చట్టం దృష్టిలో వేటే. తాడు పట్టుకుని తీసుకున్న సెల్ఫీ రేపు కేసులో సాక్ష్యం కావొచ్చు.

పొలంలోకి మొసలి వస్తే రైతుకు భయం ఉండదని కాదు. పిల్లలు తిరిగే చోట, పశువులు నీళ్లు తాగే చోట అది ఉందంటే ఎవరికైనా వణుకు పుడుతుంది. కానీ ఆ గట్టు మీద భయపడుతున్నది మనం ఒక్కరమే కాదు. బుస కొడుతున్న ఆ మొసలి కూడా భయపడే ఉంది. కాస్త వెనక్కి జరిగి, ఫోన్ కెమెరా బదులు ఫోన్ కాల్ వాడితే.. రైతు ఇంటికి, మొసలి నీళ్లకు క్షేమంగా చేరుకుంటారు.

మళ్లీ అలాంటి వీడియో మీ ఫోన్‌లోకి వస్తే ఫార్వర్డ్ చేసే ముందు ఒక్కసారి చూడండి. తల ఎటు తిరిగి ఉంది? తోక ఎలా వంగి ఉంది? దానికీ నీళ్లకూ మధ్యలో ఎవరున్నారు? సగం కథ అక్కడే తెలిసిపోతుంది.